చేపల మేతలో రోగనిరోధక శక్తికి ఏది కలపాలి, ఎప్పుడు, ఎంత

జబ్బు చేసిన చేప మొట్టమొదట మానేసేది మేతే. చావులు మొదలయ్యాక ఇమ్యూనిటీ పొడి కోసం పరుగెత్తి తెచ్చి కలిపితే, అది ఇంకా బాగానే ఉండి ఆకలేసిన చేపకు అందుతుంది. అసలు అవసరమైన చేప గట్టువార నీరసంగా తేలుతూ ఉంటుంది. మేతలో కలిపే ఏ సప్లిమెంటయినా ముందుజాగ్రత్త కోసమే. ఎంపిక కూడా ఆ లెక్కనే చేయాలి: రాబోయే గండం ఏమిటి, అది ఏ దారిన లోపలికి వస్తుంది, ఇప్పుడు వేస్తున్న మేతలో తక్కువైందేమిటి?

అమ్మే ప్యాకెట్ల పేర్లు వందలున్నా, చేసే పనిని బట్టి చూస్తే మూడే రకాలు. మొదటివి లోటు పూడ్చేవి: విటమిన్ సి, విటమిన్ ఇ, సెలీనియం. రెండోవి పేగును కాపాడేవి: ప్రోబయోటిక్స్ (మేలుచేసే సజీవ సూక్ష్మజీవులు), మానన్ ఒలిగోశాకరైడ్లు, సేంద్రియ ఆమ్లాలు. మూడోవి ఒంట్లోని కాపలా కణాలను, అంటే తెల్లకణాలను తట్టిలేపేవి: బీటా గ్లూకాన్, కొన్ని మూలికలు. న్యూక్లియోటైడ్లు అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉంటాయి. మొదటి రకం లోటుంటేనే కావాలి, ఉంటే మాత్రం రోజూ కావాలి. రెండో రకం వేసినన్నాళ్లే పనిచేస్తుంది. మూడో రకాన్ని ఏడాది పొడవునా వేయకూడదు. ఎక్కువమంది చేసే పొరపాటు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి, ఒకే మోతాదులో, ఒకే తీరున వాడటం.

కొనేముందు చూడాల్సినవి

తెల్లవారుజామున కరిగిన ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగిపోతున్న చెరువులో ఏ గ్లూకానూ చేపను కాపాడలేదు. ఒత్తిడిలో ఉన్న చేప రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. రోగంతో పోరాడే తెల్లకణాల పని మందగించేది దానివల్లే. అమ్మోనియా పెరిగినా, చేపలు మరీ కిక్కిరిసినా జరిగేది ఇదే. ముందు ఏరేటరు సంగతి చూడాలి, పొడి సంగతి తర్వాత.

మేత బస్తాలో చేయి పెట్టి చూడండి. ముక్కిన వాసన వస్తుంటే బూజు పట్టినట్టు. బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని, రోగనిరోధక శక్తిని రెండింటినీ దెబ్బతీస్తుంది. పాతబడిన నూనె వాసన వస్తుంటే మేతలోని నూనె చెడినట్టు. చెడిన నూనె చేప ఒంట్లోని విటమిన్ ఇ ని తినేస్తుంది. అలాంటి మేతకు పైపూతగా ఎంత ఖరీదైనది పూసినా చిల్లికుండలో నీళ్లు పోసినట్టే.

పరాన్నజీవుల విషయంలో ఆశ పెట్టుకోవద్దు. చేప పేనుకు గానీ, మొప్పల్లో పట్టే పురుగుకు గానీ ఇవేవీ మందు కావు. అయితే పేను కుట్టిన గాయం గుండానే ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా లోపలికి దూరుతుంది. కాబట్టి పేనును వేరేగా వదిలించి, గాయం మానడానికి విటమిన్ సి చూసుకోవడం సరైన వరస.

ఇంకొకటి. ద్రవ రూపంలో వచ్చే ఇమ్యూనిటీ టానిక్కులను చెరువు నీళ్లలో పోయడం శుద్ధ దండగ. మంచినీటి చేప నీళ్లు దాదాపు తాగదు. దాని ఒంట్లోకి నీరు మొప్పలు, చర్మం ద్వారా తనంతట తానే ఊరుతుంది, విటమిన్లు అలా ఊరవు. ఏదైనా నోటి గుండా, మేతతోనే పోవాలి.

విటమిన్ సి: అన్నిటికంటే ముందు

మేకకు, కోడికి విటమిన్ సి బయటినుంచి పెట్టక్కర్లేదు, వాటి ఒళ్లే తయారుచేసుకుంటుంది. మనం పెంచే ఎముకల చేపల్లో ఆ తయారీకి కావలసిన ఎంజైమే లేదు. మేతలో ఉంటేనే ఉన్నట్టు. అది తగ్గితే చర్మాన్ని, ఎముకను పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీను సరిగా అల్లుకోదు. వెన్ను వంకరపోతుంది, రెక్కల మొదళ్ల దగ్గర నెత్తురు చిమ్ముతుంది, వల రాపిడికి అయిన గాయాలు వారాల తరబడి మానవు.

ఎదుగుదలకు చాలేది కిలో మేతకు 25 నుంచి 50 మిల్లీగ్రాములు. రోగనిరోధకం కోసమైతే 200 నుంచి 500 దాకా వెళ్లవచ్చు. ఒత్తిడి కాలంలో 1000 మిల్లీగ్రాములు వాడిన ప్రయోగాలూ ఉన్నాయి. నీళ్లలో కరిగే విటమిన్ కాబట్టి ఎక్కువైతే బయటికి పోతుంది, ప్రమాదం తక్కువ.

ఇందులో అసలు చిక్కు ఏ రూపంలో కొంటున్నాం అన్నది. మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం చవక, కానీ వేడికి, గాలికి, రాగి ఇనుము లవణాలకు ఇట్టే విరిగిపోతుంది. గుళికలు తయారయ్యే వేడిలో చాలాభాగం పోగా, మిగిలింది గోదాములో పోతుంది. ఫాస్ఫేట్ కట్టిన రూపం, అంటే ఆస్కార్బిల్ మోనోఫాస్ఫేట్, ఆ వేడిని తట్టుకుంటుంది. చేప పేగులో ఫాస్ఫేట్ విడిపోయి విటమిన్ అందుతుంది. సాధారణంగా ఇందులో విటమిన్ వంతు 35 శాతం. కిలో మేతకు 300 మిల్లీగ్రాములు అందాలంటే 300ని 0.35తో భాగించాలి, అంటే దాదాపు 860 మిల్లీగ్రాముల పొడి వేయాలి. ఈ భాగహారం మరిచిపోయి 300 మిల్లీగ్రాముల పొడి వేసినవారికి చేరేది 105 మాత్రమే.

మేతలోనే కలిపి గుళిక చేస్తుంటే ఫాస్ఫేట్ రూపమే తీసుకోవాలి. తయారైన గుళికల మీద పూసి ఆ పూటే వేసేస్తుంటే మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం సరిపోతుంది. నీళ్లలో పడగానే కరగడం మొదలవుతుంది కాబట్టి నూనెతో పైపూత తప్పదు, చేపలు 10, 15 నిమిషాల్లో మేత ముగించేలా విడతలుగా వేయాలి.

అందరికీ ఇది అవసరమా అంటే కాదు. పచ్చగా పాచి తిరిగిన చెరువులో, పలచగా వేసిన బొచ్చె, శీలావతి లాంటి చేపలకు ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, జీవులు) లోనే కొంత విటమిన్ సి దొరుకుతుంది. కేజ్‌లో (నీళ్లలో కట్టిన వలగూడులో), ట్యాంకులో పెరిగే చేపకు గుళిక తప్ప వేరే దిక్కు లేదు. మొదటివాళ్లకు విటమిన్ సి ఒత్తిడి రోజులకు చాలు, రెండోవాళ్లకు రోజూ కావాలి.

విటమిన్ ఇ, సెలీనియం

ఈ రెండూ జంటగా పనిచేస్తాయి. కాపలా కణాలు బాక్టీరియాను చంపడానికి వాడే ఆక్సిజన్ ఆయుధం వాటి సొంత పొరలనే కాల్చకుండా విటమిన్ ఇ అడ్డుపడుతుంది. అలా అడ్డుపడి అరిగిపోయిన విటమిన్ ఇ ని మళ్లీ పనికొచ్చేలా చేసేది విటమిన్ సి. సి, ఇ లలో ఒకటి తగ్గితే రెండోది ఎంత వేసినా పూర్తి ఫలితం రాదు.

విటమిన్ ఇ మామూలు అవసరం కిలో మేతకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు, రోగనిరోధకానికి 100 నుంచి 300. మేతలో చేపనూనె ఎంత పెరిగితే ఇది అంత పెరగాలి. దొరికేది ఎక్కువగా 50 శాతం అసిటేట్ పొడి, కాబట్టి 200 మిల్లీగ్రాములు కావాలంటే 0.4 గ్రాములు. అసిటేట్ రూపం చేప పేగులో విడిపోయాకే పనిచేస్తుంది. బస్తాలో ఉన్న మేత నూనె చెడకుండా అది కాపాడుతుందనుకోవడం పొరపాటు, దానికి వేరే యాంటీఆక్సిడెంట్ కావాలి.

సెలీనియాన్ని మాత్రం చేత్తో పైపూతగా వేయకండి. అవసరం కిలో మేతకు మిల్లీగ్రాము కంటే తక్కువ, అవసరానికీ విషానికీ మధ్య దూరం చిన్నది. వంటింటి త్రాసు తప్పితే చేప చచ్చే లెక్క ఇది. చేపపొడి బాగా ఉన్న మేతలో సెలీనియం ఎలాగూ ఉంటుంది. పూర్తిగా సోయా, నూనెగింజల చెక్కతో చేసిన మేతయితే సెలీనియం ఈస్టు ఉన్న ఖనిజ మిశ్రమాన్ని మేత తయారీలోనే వేయించుకోవాలి.

బీటా గ్లూకాన్: పిలుపు, తిండి కాదు

ఈస్టు కణం గోడలో ఉండే ఈ పదార్థాన్ని చేప తెల్లకణాలు శిలీంధ్రం వచ్చిందన్నట్టుగా గుర్తుపడతాయి. వెంటనే మేల్కొంటాయి, మింగే శక్తి, చంపే శక్తి పెరుగుతాయి, రక్తంలో బాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్ పెరుగుతుంది. రాని శత్రువు వచ్చాడని కేక వేయడమన్నమాట. "నాన్నా పులి" కథలో పిల్లవాడి గతి దీనికీ పడుతుంది: నెలల తరబడి ఆపకుండా వేస్తే స్పందన చల్లబడిపోయిన ప్రయోగాలున్నాయి. 2 నుంచి 4 వారాలు వేసి, అంతే కాలం ఆపి, మళ్లీ గండం ముందు వేయడం మేలు.

మోతాదు కిలో మేతకు 1 నుంచి 2 గ్రాములు. ఇది శుద్ధి చేసిన, 70 శాతం పైన గ్లూకాన్ ఉన్న పొడి లెక్క. ఈస్టు గోడ పొడి అని అమ్మే వాటిలో 20, 25 శాతమే ఉండవచ్చు. అప్పుడు మూడింతలు, నాలుగింతలు వేయాలి. లేబుల్ మీద "బీటా 1,3/1,6" అని ఉండాలి. ఓట్స్, బార్లీ లాంటి ధాన్యాల్లోని గ్లూకాన్ 1,3/1,4 రకం, చేప తెల్లకణాలను తట్టిలేపే పనికి అది సాటిరాదు.

మా లెక్కలో గ్లూకాన్ పూర్తిగా సమయానికి కట్టుబడిన వస్తువు. పిల్లలను వేరే చెరువుకు మార్చడానికి, వల లాగి సైజులు వేరుచేయడానికి, టీకా వేయడానికి రెండు వారాల ముందు, నీరు చల్లబడడానికి 3, 4 వారాల ముందు మొదలుపెడితే ఇచ్చిన డబ్బుకు పని దక్కుతుంది. జబ్బు ముదిరిన చెరువులో అప్పటికే అలిసిన తెల్లకణాలను ఇంకా రెచ్చగొట్టడం వల్ల ఒరిగేది తక్కువ. విటమిన్ సి తోడుంటే దీని ఫలితం మెరుగు.

ప్రోబయోటిక్స్: లెక్క చూడకుండా కొనవద్దు

నీళ్లలో వేసేవి, మేతలో వేసేవి వేరు. చెరువు అడుగు శుభ్రం చేసే బాక్టీరియా పొడిని మేతలో కలిపినా చేప పేగులో అది నిలవదు. మేతకు వాడే వాటిలో ముఖ్యమైనవి బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్, లాక్టోబాసిల్లస్ జాతులు, పీడియోకాకస్, ఈస్టు. బాసిల్లస్ గట్టి పెంకు కట్టుకుని స్పోరుగా ఉండగలదు కాబట్టి గుళిక తయారీ వేడిని, గోదాము ఎండను చాలావరకు తట్టుకుంటుంది. లాక్టోబాసిల్లస్, ఈస్టు తట్టుకోలేవు, వాటిని చల్లారిన గుళిక మీద పూయాల్సిందే. చల్లగా నిల్వ చేసే వసతి లేనివారు బాసిల్లస్ వైపే మొగ్గడం మంచిది.

ఇప్పుడు లెక్క. చేపల ప్రయోగాల్లో సాధారణంగా గ్రాము మేతకు 10 లక్షల నుంచి 10 కోట్ల సజీవ కణాలు వాడారు. కింది అంచు పట్టుకున్నా కిలో మేతకు 100 కోట్లు కావాలి. ప్యాకెట్ మీద గ్రాముకు 200 కోట్లు అని ఉంటే అర గ్రాము చాలు. గ్రాముకు 10 కోట్లే ఉంటే 10 గ్రాములు కావాలి. చవకగా కనిపించిన రెండో ప్యాకెట్ లెక్క చూశాక చవక కాకపోవచ్చు. ఆ సంఖ్య తయారైన రోజుదా, గడువు ముగిసే రోజుదా అన్నదీ చూడాలి. గడువు చివరి దాకా హామీ ఇచ్చేదే నమ్మదగింది. జాతి పేరు మాత్రమే రాసి సంఖ్య రాయని ప్యాకెట్‌ను పక్కన పెట్టేయండి.

వీటి పని మూడు రకాలు: పేగు గోడ మీద చోటు ఆక్రమించి చెడ్డ బాక్టీరియాకు జాగా లేకుండా చేయడం, వాటిని అణిచే పదార్థాలు విడుదల చేయడం, పేగు కింది రోగనిరోధక కణాలను చురుగ్గా ఉంచడం. వేయడం ఆపిన కొద్దిరోజుల నుంచి కొద్దివారాల్లో పేగులో ఇవి తగ్గిపోతాయి. అందుకే నెలకు మూడు రోజులు వేసే పద్ధతిలో అర్థం లేదు. యాంటీబయాటిక్ వాడుతున్న రోజుల్లో ఆపేసి, కోర్సు ముగిశాక రెట్టింపు మోతాదుతో ఒక వారం వేసి, తర్వాత మామూలుకు రావాలి. పేగు ఖాళీగా ఉన్న ఆ సమయంలోనే ప్రోబయోటిక్ ఎక్కువ ఉపయోగపడుతుంది.

నీటిలోని వ్యర్థాల మీద బాక్టీరియా గుంపులను (ఫ్లాక్) పెంచే బయోఫ్లాక్ ట్యాంకుల్లో చేపలు ఫ్లాక్‌నే మేస్తూ ఉంటాయి, అందులో బాక్టీరియాకు కొదవ లేదు. అక్కడ దీనికి డబ్బు పెట్టడం చివరి ప్రాధాన్యం.

మానన్ ఒలిగోశాకరైడ్లు, ఆమ్లాలు

మానన్లు కూడా ఈస్టు గోడ నుంచే వస్తాయి. గ్రామ్ నెగటివ్ అనే తరగతికి చెందిన కొన్ని బాక్టీరియా తమ కేశాలతో పేగు గోడ మీది మానోజ్ చక్కెరను పట్టుకుంటాయి. మేతలో ఎరగా మానన్ వేస్తే దాన్నే పట్టుకుని మలంతో బయటికి పోతాయి. కిలో మేతకు 2 నుంచి 4 గ్రాములు. ఆ కేశాలు లేని స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా మీద ఈ ఎత్తు పారదు. నష్టం చేయదు, ఫలితం మాత్రం ప్రయోగానికో తీరుగా వచ్చింది.

ఆమ్లాల దగ్గర చేప జాతి చూడకుండా ముందుకు పోవద్దు. బొచ్చె, శీలావతి, మోసు, బంగారుతీగ, గడ్డిచేప, ఈ కార్పు జాతులకు కడుపు సంచే ఉండదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది, అక్కడ ఆమ్లం త్వరగా విరిగిపోతుంది. తిలాపియా, పంగాసియస్, కొర్రమేను, పండుగప్పలకు ఆమ్లం ఊరే కడుపు ఉంటుంది. పొటాషియం డైఫార్మేట్ లాంటివి కిలోకి 2 నుంచి 5 గ్రాముల మోతాదులో తిలాపియాలో పనిచేసిన దాఖలాలున్నాయి. కార్పు చేపల రైతు అదే ప్యాకెట్ కొని అదే ఫలితం ఆశించకూడదు. వాటికి ఆమ్లమే కావాలనుకుంటే కొవ్వు పూత వేసిన బ్యూటిరేట్ కొంత నయం, పేగు లోపలి దాకా చేరుతుంది.

న్యూక్లియోటైడ్లు

జబ్బుతో పోరాడేటప్పుడు తెల్లకణాలు వేగంగా రెట్టింపవ్వాలి, దానికి కావలసిన ముడిసరుకు ఇవి. ప్రయోగాల్లో కిలోకి 0.3 గ్రాముల నుంచి 5 గ్రాముల దాకా వాడారు. అంత తేడా ఉందంటేనే మోతాదు ఇంకా కుదురుకోలేదని అర్థం. టీకా ముందు, రవాణా ముందు వాడుకోవచ్చు. రోజువారీ మేతకు మాత్రం ఈ ఖర్చు సమర్థించుకోవడం కష్టం. ఈస్టు సారం అని అమ్మేదాంట్లో న్యూక్లియోటైడ్ శాతం ఎంతో అడిగి కొనాలి.

మూలికలు: అందుబాటులో ఉన్నా లెక్క కష్టం

వెల్లుల్లి మీద పని ఎక్కువ జరిగింది. శీలావతి, ట్రౌట్ చేపల మీద జరిగిన ప్రయోగాల్లో కిలో మేతకు 1 నుంచి 10 గ్రాములు వాడారు, ఏరోమోనాస్‌ను తట్టుకునే శక్తి పెరిగింది. పొడి వేరు, పచ్చిది వేరు. పచ్చి వెల్లుల్లిలో మూడింట రెండొంతుల దాకా నీరే కాబట్టి 10 గ్రాముల పొడికి బదులు దాదాపు 30 గ్రాముల పచ్చి రెబ్బలు కావాలి.

చేసే తీరులోనే ఫలితం పోతుంది. రెబ్బలో పనిచేసే అల్లిసిన్ ముందుగా ఉండదు. దంచినప్పుడు లోపలి ఎంజైమ్, అల్లీన్ అనే పదార్థం కలిసి అప్పటికప్పుడు తయారవుతుంది. రెబ్బలను ఉడికించి దంచితే ఎంజైమ్ చచ్చిపోతుంది, వాసన ఉన్నట్టే ఉంటుంది, పని ఉండదు. పచ్చిగా దంచి, 10 నిమిషాలు అలా వదిలి, నూనెలో కలిపి గుళికలకు పట్టించి, ఆ పూటే వేయాలి. రేపటికి దాచిన ముద్దలో సగం సత్తువ పోయినట్టే లెక్క.

పసుపు కిలోకి 2 నుంచి 5 గ్రాములు. అందులో పనిచేసే కుర్కుమిన్ నీళ్లలో కరగదు, నూనెలో కలిపి పూస్తేనే మేతకు సమంగా పడుతుంది. వేప జోలికి పోకపోవడం మంచిది. చేదుకు మేత మానేస్తాయి, పైగా మోతాదు మించితే చేపకు విషమే. మూలికలన్నిటికీ ఉన్న చిక్కు ఒకటే: ఈ నెల తెచ్చిన పొడిలో ఉన్న సత్తువ వచ్చే నెల పొడిలో ఉంటుందన్న పూచీ లేదు. 3, 4 వారాల చొప్పున వేసి ఆపడం వీటికీ వర్తిస్తుంది.

ఎవరికి ఏది

గుడ్డు పొదిగిన తొలి వారాల్లో చేపపిల్లకు యాంటీబాడీలు చేసే వ్యవస్థ ఇంకా ఎదగదు. అక్కడ విటమిన్ సి నిండుగా ఉన్న మేత, బాసిల్లస్ ప్రోబయోటిక్, ఈ రెండే పెట్టుకుని మిగతావి వదిలేయవచ్చు. కేజ్‌లో తిలాపియాకు స్ట్రెప్టోకాకస్ భయం, అది ముదిరేది నీరు వేడెక్కినప్పుడు. ఎండలు ముదరకముందే గ్లూకాన్ విడత ముగిసేలా చూసుకుని, ఫాస్ఫేట్ విటమిన్ సి, విటమిన్ ఇ నిరంతరం ఉంచాలి, కుదిరితే డైఫార్మేట్ చేర్చాలి. టీకా వేస్తుంటే దానికి రెండు వారాల ముందు గ్లూకాన్ మొదలుపెట్టాలి. కిక్కిరిసిన పంగాసియస్‌కు పేగు దారే పెద్ద గండం కాబట్టి ప్రోబయోటిక్, మానన్‌లకు ముందు చోటు. పచ్చటి చెరువులో కార్పు చేపలకు ఏడాదిలో రెండు మూడు విడతల గ్లూకాన్, విటమిన్ సి సరిపోతాయి, రోజువారీ పొడి అక్కర్లేదు.

చలికాలం సంగతి వేరుగా చెప్పుకోవాలి. నీరు చల్లబడితే యాంటీబాడీల తయారీ బాగా నెమ్మదిస్తుంది, పుట్టుకతో వచ్చిన కాపలా కణాలే కాస్త పనిచేస్తాయి. మేత తినడమూ తగ్గుతుంది. అందుకే నీరు చల్లబడే 3, 4 వారాల ముందే మొదలుపెట్టాలి. చల్లబడ్డాక మొదలుపెడితే మోతాదు అందదు. లెక్క చూడండి: కిలో మేతకు 1 గ్రాము గ్లూకాన్ కలిపారు. చేప ఒంటి బరువులో 3 శాతం తింటే కిలో చేపకు రోజుకు 30 మిల్లీగ్రాములు అందుతుంది. 1 శాతమే తింటే 10. మేత తగ్గినప్పుడు కిలోకి కలిపే మోతాదు పెంచాలి.

పూత పట్టించే పద్ధతి

చెరువులో 2 టన్నుల చేప ఉందనుకుందాం, మేత 2 శాతం, అంటే రోజుకు 40 కిలోలు. గ్లూకాన్ కిలోకి 1 గ్రాము చొప్పున రోజుకు 40 గ్రాములు, 21 రోజులకు 840 గ్రాములు. విటమిన్ సి ఫాస్ఫేట్ 860 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 34 గ్రాములు.

కొలిచిన పొడిని కిలో మేతకు 20 నుంచి 30 మిల్లీలీటర్ల శుభ్రమైన నీళ్లలో కలపండి. క్లోరిన్ ఉన్న నీళ్లు వాడితే ప్రోబయోటిక్ అక్కడే చస్తుంది, విటమిన్ సి ఖర్చైపోతుంది. మేతను టార్పాలిన్ మీద పలచగా పరిచి, పిచికారీ చేస్తూ తిరగేయండి. కుప్ప మీద చెంబుతో పోస్తే పైనున్నవి ముద్దకట్టి కిందివి పొడిగా ఉంటాయి, కొన్ని చేపలకు పదింతలు, కొన్నిటికి సున్నా. నీడలో 20, 30 నిమిషాలు ఆరాక కిలోకి 10 నుంచి 15 మిల్లీలీటర్ల నూనె పట్టించి మరో 15 నిమిషాలు వదలండి. నూనె 30 మిల్లీలీటర్లు దాటితే గుళిక నుంచి విడిపోయి నీటి మీద తెట్టులా తేలుతుంది, వెంట మీ పొడినీ తీసుకుపోతుంది. పూత సరిగ్గా పట్టిందో లేదో చూడాలంటే గుప్పెడు గుళికలను గాజుగ్లాసు నీళ్లలో వేయండి. 5 నిమిషాల్లో నీరు పొడి రంగు తిరిగితే పూత నిలవలేదు. తవుడు, చెక్కపిండి తడి మేత వేసేవారు పొడిని విడిగా చల్లకుండా, కలిపే ముద్దలోనే వేసి గట్టి ఉండ చేయాలి.

పూసిన మేత ఆ రోజుదారోజే. మరునాటికి ఉంచితే తేమకు బూజు పడుతుంది.

లేబుల్ వెనక

అన్నీ కలిపిన మిశ్రమాలు చూడ్డానికి బాగుంటాయి. ఒక ప్యాకెట్ మీద "విటమిన్ సి కిలోకి 10,000 మిల్లీగ్రాములు, వాడకం కిలో మేతకు 5 గ్రాములు" అని ఉందనుకోండి. 10,000 మిల్లీగ్రాములంటే గ్రాముకు 10. ఐదు గ్రాముల్లో 50. రోగనిరోధకానికి కావలసిన 200లో అది పావు వంతు. పట్టికలో పేరున్న ప్రతిదానికీ ఈ గుణకారం చేసి చూస్తే, చాలావాటిలో ఇరవై పేర్లుంటాయి గానీ మోతాదుకు సరిపడేవి రెండో మూడో ఉంటాయి. పోల్చేటప్పుడు ప్యాకెట్ ధర కాదు, అసలు పదార్థం గ్రాముకు ఎంత పడిందో చూడాలి. చేపకు, రొయ్యకు ఒకే మోతాదు రాసిన ప్యాకెట్‌నూ అనుమానించండి. రొయ్యకు యాంటీబాడీలే ఉండవు, రెండింటి వ్యవస్థా ఒకటి కాదు.

మూడు రోజుల్లో చావులు ఆగిపోతాయని చెప్పే "సహజ" పొడి అయితే మరీ జాగ్రత్త. సప్లిమెంటు అంత వేగంగా పనిచేయదు, లోపల యాంటీబయాటిక్ కలిపి ఉండవచ్చు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు దొరికితే ఎగుమతి సరుకు తిరిగొస్తుంది. బ్యాచ్ వారీ పరీక్ష నివేదిక అడగండి.

అమ్మేవారు చూపే ప్రయోగ ఫలితాల్లో "సాపేక్ష మనుగడ శాతం" అనే మాట వస్తుంది. పొడి వేయని చేపల్లో 60 శాతం, వేసినవాటిలో 36 శాతం చనిపోతే, 36ని 60తో భాగించి 1 నుంచి తీసేస్తే 40 శాతం వస్తుంది. "40 శాతం రక్షణ" అన్నది విని నూటికి నలభై చేపలు బతికాయనుకోవద్దు. రోగక్రిమిని ఎలా ఎక్కించారో కూడా అడగాలి. పొట్టలోకి సూదితో ఎక్కిస్తే చర్మం, పేగు రెండింటినీ దాటేసినట్టు. పేగును కాపాడే మానన్, ప్రోబయోటిక్‌ల సత్తా ఆ పరీక్షలో తేలదు.

మీ చెరువులో తేల్చుకోవాలంటే ఒకే బ్యాచ్ పిల్లలున్న కేజ్‌లు నాలుగు తీసుకుని, రెండింటికి పొడి పూసిన మేత, రెండింటికి నూనె మాత్రమే పూసిన అదే మేత వేయండి. నూనె పూత రెంటికీ ఉండాలి, లేకపోతే నూనె వల్ల వచ్చిన బరువును పొడి ఖాతాలో రాసుకుంటారు. ఒకేసారి రెండు పొడులు మార్చవద్దు. కనీసం 6 వారాలు, మధ్యలో ఒక వల లాగుడు వచ్చేలా చూసుకుని, రోజూ చనిపోయిన చేపల సంఖ్య, తిన్న మేత, వల తర్వాత ఒంటి మీది గాయాలు ఎన్ని రోజులకు మానాయి అన్నది రాసి పెట్టుకోండి. వల లాగిన పదో రోజుకు రెండు జతల్లోనూ గాయాలు ఒకేలా ఉంటే, ఆ పొడి పనిచేయడం లేదు, లేదా మోతాదో పూతో ఎక్కడో తప్పింది. గాజుగ్లాసు పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.